పసిబిడ్డ కండ్లకలక: ఇంటిల్లిపాదికి అంటకుండ కాపాడుకొను విధము

(మన సంఘ కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



సంఘ సమావేశములలో మేము లేచి నిలుచున్నప్పుడు చందాలను గూర్చియో, ఉగాది ఏర్పాట్లను గూర్చియో, పిల్లల తెలుగు తరగతులను గూర్చియో మాటలాడుట వాడుక. నేడు మాత్రము చంటిబిడ్డ కంటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఇంత చిన్న సంగతికి సభ యెందుకని కొందరికి తోచవచ్చును. కాని చంటిబిడ్డకు కండ్లు కలిగిన యింట పది దినములు గడచునప్పటికి ఎంతమంది పనులు ఆగునో, ఎంతమంది చదువులు ఆగునో, ఎవరి మీద ఎట్టి నిందలు పడునో మీలో చాలమందికి తెలియును. ఒక్కొక్కప్పుడు ఆ చిన్న సంగతి వెనుక బిడ్డ చూపే పోగల ప్రమాదము దాగియుండును. అందుచేత దీనిని చిన్నదని విడువరాదు.

మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషన్ వరకు చదువుకొని, బట్టల అంగడి నడుపుకొనుచున్న వారము. వైద్యులు చెప్పుచున్న దానిని మన భాషలో, మన యిండ్ల అలవాట్లకు సరిపోవునట్లు విడమరచి చెప్పుట మాత్రమే మా పని. మన యిండ్లలోని పెద్దమ్మలు, నాయనమ్మలు పెక్కుమంది ఇంట తెలుగు తప్ప వేరొకటి చదువరు. ఆసుపత్రి గోడమీది ప్రకటనలు కన్నడమునను ఆంగ్లమునను ఉండును. పసిబిడ్డను రాత్రింబవళ్ళు ఎత్తుకొనునది ఈ పెద్దవారే గనుక వారికి తెలియవలసినది వారి భాషలోనే చెప్పవలెను.

ఈ జబ్బునకు మన ఊరిలో వాడుక పేరు 'మద్రాస్ ఐ'. 1918లో మద్రాసున ప్రబలిన కంటి జబ్బును బట్టి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. మన పెద్దలు కండ్లకలక యనిరి. 1969లో ఆఫ్రికా ఖండమునందలి ఘానా దేశమున ఇట్టి దొకటి బయలుదేరి దేశదేశములకు ప్రాకినది. అదే సంవత్సరమున అపోలో నౌకలో మనుష్యులు చంద్రునిపై దిగినందున అక్కడివారు దానిని అపోలో జబ్బు అనిరి. 1971లో అది వంగదేశమున ముమ్మరముగ నున్నప్పుడు, సరిహద్దున జరుగుచున్న విమోచన యుద్ధపు నినాదమునే దానికి పేరుగా పెట్టి 'జయ్ బంగ్లా' అనిరి. 2023 జూలై, ఆగస్టు నెలలలో మన బెంగుళూరుతో పాటు ఆంధ్ర, తెలంగాణ, ఢిల్లీ, మహారాష్ట్రములలోను కండ్లకలక విరివిగా వ్యాపించుటయు, పాఠశాలలు పిల్లలను ఇంటికి పంపుటయు మనకందరకు జ్ఞాపకమే. పేర్లు ఎన్ని మారినను అది ప్రయాణము చేయు త్రోవ మాత్రము ఒకటే. ఆ త్రోవ మన చేతులు, మన గుడ్డలు.

మొదట ఈ జబ్బు ఏమిటో తెలిసికొందము. కనుగ్రుడ్డు తెల్లభాగముపైనను, రెప్పల లోపలి వైపునను పలుచని పొర యొకటి కలదు. ఆ పొర వాచి ఎర్రబడుటయే కండ్లకలక. కారణములు ముఖ్యముగా మూడు. వైరసు వలన వచ్చునది యొకటి. దీనిలో నీరు ధారగా కారును. తరచు జలుబు, గొంతునొప్పి వెంట వచ్చును. బాక్టీరియా వలన వచ్చునది రెండవది. దీనిలో పచ్చని చిక్కని పుసులు కట్టి, తెల్లవారునప్పటికి రెప్పలు అంటుకొనిపోవును. చిన్నపిల్లలలో ఈ రెండవ రకము తరచుగా కానవచ్చును. ఈ రెండును అంటుజబ్బులే. మూడవది దుమ్ము, పుప్పొడి వంటివి ఒంటికి పడకపోవుట వలన వచ్చునది. దీనిలో దురద యెక్కువ. ఇది ఒకరినుండి ఒకరికి అంటదు.

ఇవి గాక పసిబిడ్డలలో మాత్రము కానవచ్చునది మరియొకటి కలదు. కంటినుండి ముక్కులోనికి కన్నీరు దిగు సన్నని నాళము కొందరు బిడ్డలకు పుట్టునప్పటికి పూర్తిగా తెరచుకొనదు. అట్టి బిడ్డకు కన్ను ఎప్పుడును చెమర్చియుండును. అప్పుడప్పుడు పుసులు కట్టును. కాని తెల్లగ్రుడ్డు తెల్లగనే యుండును, ఎర్రబడదు. ఇది అంటుజబ్బు కాదు. ముక్కు ప్రక్కన కంటి మూలను వైద్యుడు చూపిన రీతిగా శుభ్రమైన వ్రేలితో క్రిందికి మెల్లగా నొక్కుచు వచ్చినచో చాలమంది బిడ్డలకు ఏడాది లోపల దానంతట అదే నయమగును. అయితే ఇది నాళపు అడ్డమా, అంటుజబ్బా యని తేల్చవలసినది వైద్యుడే గాని మనము కాదు.

ఇక నేటి ప్రసంగములో అన్నిటికంటె ముఖ్యమైన మాట మనవి చేయుచున్నాము. దయచేసి తల్లులు, అమ్మమ్మలు మనసున నాటుకొనవలెను. పుట్టి 28 దినములు నిండని బిడ్డకు కన్ను ఎర్రబడినను, రెప్పలు వాచినను, చీము వంటి పుసులు కారినను అది ఇంటివైద్యమునకు లొంగునది కాదు. ఆ దినముననే, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కాన్పు సమయమున తల్లి శరీరమునుండి బిడ్డ కంటిలోనికి కొన్ని క్రిములు చేరుట కలదు. వానిలో ఒక జాతి పుట్టిన రెండవ దినము మొదలు అయిదవ దినము లోపల బయటపడి, 24 గంటలలోనే నల్లగ్రుడ్డుకు చిల్లు పెట్టగలదు. మరియొక జాతి అయిదు మొదలు పదునాలుగు దినములలో బయటపడును. అది ఊపిరితిత్తులకు కూడ దిగవచ్చును. ఇట్టి బిడ్డకు కంటి చుక్కలు మాత్రము చాలవు. లోనికి కూడ మందు ఈయవలసి వచ్చును.

జర్మనీ దేశమునందలి లైప్సిగ్ నగరమున క్రేడే అను ప్రసూతి వైద్యుడు 1880లో పుట్టిన ప్రతి బిడ్డ కంటిలోను సిల్వర్ నైట్రేటు ద్రవము ఒక్కొక్క చుక్క వేయు పద్ధతి ఆరంభించెను. అంతకు పూర్వము ఆయన ఆసుపత్రిలో నూటికి పదిమంది బిడ్డలకు పైగా ఈ జబ్బు పాలగుచుండగా, తరువాత ఆ సంఖ్య నూటికి ఒకటి కంటెను తగ్గినది. ఆ దినములలో యూరపు ఖండపు అంధశాలలలో చేరిన పిల్లలలో పెక్కుమంది ఈ జబ్బు వలననే చూపు పోగొట్టుకొన్నవారు. ఒక్క చుక్క మందు వారి తరువాతి తరమును కాపాడినది.

ఇచట పెద్దలకు ఒక మనవి. అట్టి బిడ్డకు చికిత్స జరుగునప్పుడు వైద్యులు తల్లికిని తండ్రికిని కూడ పరీక్ష చేయించుకొని మందు పుచ్చుకొనవలెనని చెప్పుదురు. అది అవమానమని దాచిపెట్టవలదు. తల్లిని నిలదీయను వలదు. మందు ఇద్దరును పుచ్చుకొననిచో జబ్బు ఆ యింట మరల తల యెత్తును.

నింద యను మాట వచ్చినది గనుక మరియొకటి చెప్పవలసియున్నది. మన యిండ్లలో బిడ్డకు కన్ను కలిగినదన్న తోడనే వెదకునది మందును గాదు, దోషిని. బాలింత మామిడిపండు తిన్నదనియు, పనసతొన ముట్టుకొన్నదనియు, పాలు వేడిచేసి బిడ్డ కంటికి ఎక్కినదనియు అందురు. తరువాత ఆమెకు కూరలు మాన్పింతురు, పండ్లు మాన్పింతురు. కండ్లకలక వేడి వలన రాదు. తల్లి తిన్న తిండి వలన రాదు. క్రిమి వలన వచ్చును. పాలిచ్చు తల్లి కడుపు మాడ్చినచో బిడ్డ కన్ను బాగుపడకపోగా బిడ్డ ఆకలి పెరుగును. కన్ను కలిగిన దినములలో కూడ తల్లి చేతులు కడుగుకొని నిరభ్యంతరముగ పాలీయవచ్చును, ఈయవలెను కూడ.

ఇప్పుడు జబ్బు ఇంట ఏలాగు తిరుగునో చూతము. పదిమంది గల యొక ఉమ్మడి కుటుంబమును ఊహించుకొనుడు. ఎనిమిది నెలల బిడ్డకు తెల్లవారునప్పటికి కన్ను అంటుకొని యున్నది. తల్లి పైటచెంగుతో తుడిచినది. కొంత సేపటికి అదే చెంగుతో మూడేండ్ల పెద్దబిడ్డ మూతి తుడిచినది. నాయనమ్మ బిడ్డను భుజము మీద వేసికొని జోకొట్టినది. బిడ్డ కంటి తడి ఆమె రవికెకు అంటినది. తాతగారు దండెము మీది తువ్వాలుతో ముఖము తుడుచుకొన్నారు. దానితోనే కోడలు బిడ్డకు లాలపోసి తడి యొత్తియున్నది. ఏడ్పు మాన్పుటకు మేనత్త తన సెల్ ఫోను బిడ్డ చేతికిచ్చినది. బిడ్డ కన్ను నులిమిన చేతితో దానిని పట్టుకొన్నది. మేనత్త దానిని చెవికి ఆనించుకొని మాటలాడినది. సాయంకాలము దీపము పెట్టి హారతి పళ్ళెము త్రిప్పగా అందరును చేతులు చాచి కండ్లకద్దుకొన్నారు. చేతులు కడుగుకొన్నవారు ఒక్కరైనను లేరు.

చూడుడు, ఇంత జరిగినను ఆ రాత్రి ఎవరికిని ఏమియు కాలేదు. వైరసు వలన వచ్చు కండ్లకలక చాల తరచుగా అయిదు మొదలు పండ్రెండు దినముల వరకు లోలోపల దాగియుండి పిమ్మట బయటపడును. అప్పటికి బిడ్డ నవ్వుచు ఆడుకొనుచుండును. ఇంటివారు గాలి వలన వచ్చినదనియు, బజారునుండి వచ్చినదనియు, ఎవరో చూచుట వలన వచ్చినదనియు అనుకొందురు. చెంగును, తువ్వాలును తలచువారుండరు. ఘానాలో పుట్టిన రకము మాత్రము ఒకటి రెండు దినములలోనే బయటపడునది. అందుచేతనే అది అంత వేగముగ ప్రాకినది.

చూచినంత మాత్రమున కండ్లకలక అంటదు. రోగి కండ్లలోనికి మీరు గంటసేపు చూచినను రాదు. నల్ల కండ్లద్దములు పెట్టుకొనుట వెలుతురు బాధ తగ్గుటకే; అవి జబ్బును ఆపవు. పైగా ఒకరి అద్దములు మరియొకరు పెట్టుకొన్నచో అవియే జబ్బును మోసికొనిపోవును. పసిబిడ్డ తానై నడచి ఎవరి యొద్దకును పోదు. బిడ్డ జబ్బును ఇల్లంతయు త్రిప్పునది ఎత్తుకొను మన చేతులే. గనుక ఆపవలసినదియు మన చేతులే.

చేయవలసిన పనులను వరుసగా మనవి చేయుచున్నాము.

మొదటిది, చేతులు. బిడ్డ కన్ను తుడుచుటకు ముందును, తుడిచిన తరువాతను, మందు వేయుటకు ముందును, వేసిన తరువాతను, వంటకు పోవునప్పుడును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వ్రేళ్ళ సందులు, గోళ్ళ క్రింద, బొటనవ్రేలి చుట్టు రుద్దుచు 20 సెకండ్లు కడుగవలెను. 2020లో కరోనా దినములలో మనము నేర్చినదే ఇది. మరచిపోయినది మరల తలచుకొందము. సీసాలో వచ్చు చేతి ద్రవము కండ్లకలక వైరసులలో కొన్నిటిపై అంతగా పనిచేయదు. సబ్బును నీరును మేలు. మన ఊరి నీటి కరవు మాకు తెలియనిది కాదు; 2024 వేసవిలో బిందెకు బిందె లెక్క పెట్టితిమి. అయినను చేతులకు ఒక చెంబెడు నీరు చాలును. ఒకరు పోయుచుండ ఒకరు కడుగుకొనవలెను. తొట్టిలో అందరును చేతులు ముంచుట మాత్రము పనికిరాదు.

రెండవది, గుడ్డ. ఇది మా వృత్తికి సంబంధించిన మాట గనుక కొంచెము విపులముగ చెప్పెదము. మెత్తని పాత నూలు పంచెను జానెడు ముక్కలుగ చించి, ఉడుకునీట మరగించి, ఎండలో ఆరబెట్టి, మూతగల డబ్బాలో పెట్టుకొనుడు. కొత్త గుడ్డలో గంజియుండును గనుక బిడ్డ రెప్పకు గరుకుగ తగులును. పలుమారు ఉతికిన పాత నూలు మేలు. నైలాను, పాలియెస్టరు తడిని అంతగా పీల్చవు. అవి పుసులను తుడువవు, పూయును. మరగించి చల్లార్చిన నీట గుడ్డను తడిపి, ముక్కు వైపునుండి చెవి వైపునకు ఒక్కమారు తుడిచి ఆ ముక్కను విడువవలెను. రెండవ తుడుపునకు రెండవ ముక్క. రెండవ కంటికి వేరొక ముక్క. ఒక కన్ను మాత్రమే కలిగియున్నచో బాగున్న కంటిని మొదట తుడిచి, కలిగిన దానిని తరువాత తుడువవలెను. వాడిన ముక్కలను వేరొక గిన్నెలో వేసి సబ్బునీట మరగించవలెను. లేనిచో కాగితములో చుట్టి చెత్తలో వేయవలెను. దూది దొరకినచో అదియు మంచిదే. చెంగును మాత్రము ఆ పది దినములు బిడ్డ కంటికి దూరముగ నుంచుడు. చెంగు చల్లనిదే, ప్రేమ గలదే. కాని దినమంతయు ఉతుకని గుడ్డ అదియొక్కటే.

మూడవది, ఎవరి తువ్వాలు వారిది. దండెము మీద అన్నియు ఒకేచోట వ్రేలాడుచున్నచో పేర్లు వేరైనను ఫలము లేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు అంచు గల తువ్వాలు పెట్టి, మేకులు దూరదూరముగ కొట్టుడు. బిడ్డ దిండు గలీబు, పక్కగుడ్డ ప్రతిదినము మార్చి, వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. పొడి వస్తువులపై కూడ కొన్ని వైరసులు దినముల తరబడి, ఒక్కొక్కప్పుడు వారముల తరబడి బ్రతికియుండును. గిలకలు, బొమ్మలు, ఉయ్యాల కమ్మీలు, తలుపు గడియలు, సెల్ ఫోను, దూరదర్శన యంత్రపు మీటల పెట్టె, ఇవి యన్నియు ప్రతిదినము తుడువవలసినవి.

నాలుగవది, ఎత్తుకొనువారిని తగ్గించుకొనుట. తల్లియు మరియొకరును చాలును. కంటికి శస్త్రచికిత్స జరిగిన తాతగారు, మధుమేహము గల నాయనమ్మ, ఇంట మరియొక పసికందు ఉన్నచో ఆ బిడ్డను ఎత్తుకొను తల్లి, వీరు ఆ దినములలో దూరముగ నుండుటయే ప్రేమ. నాయనమ్మకు మనసున కష్టమగును, మాకు తెలియును. మనుమరాలిని ముట్టుకొనవద్దని కోడలు చెప్పిన మాట నాయనమ్మ చెవికి మరియొక రీతిగ వినబడును. అందుచేత ఆ మాటను కోడలిచేత చెప్పింపక కొడుకు చెప్పవలెను. వైద్యుడు చెప్పినాడని చెప్పవలెను. బిడ్డ గోళ్ళు కత్తిరించి యుంచుడు.

అయిదవది, పెద్దవారు తమ కండ్లను ఊరక ముట్టుకొనరాదు. హారతి కండ్లకద్దుకొనుట మన ఆచారము. మానుమని మేము చెప్పము. చేతులు కడుగుకొని అద్దుకొనుడు. లేనిచో ఆ వారము నమస్కరించి ఊరకుండుడు. దేవునికి కోపము రాదు.

ఇక ఇంటివైద్యములను గూర్చి. మన పెద్దలు చేసినవి మంచి మనసుతో చేసిరి. వానిని ఎగతాళి చేయుట మాకు సమ్మతము కాదు. కాని కంటిలో వేయునది శుద్ధమైనదిగ నుండవలెను. చనుబాలు బిడ్డ కడుపునకు అమృతమే. కంటికి మందు కాదు, కన్ను క్రిమికి అది తిండి కాగలదు. నందివర్ధనపు పూల రసము, ఆముదము, తేనె, పన్నీరు, ఇవి యేవియు శుద్ధిచేసినవి కావు. బిడ్డ చుట్టు సాంబ్రాణి పొగ వేయుట కలిగిన కంటిని మరింత రగుల్చును. కాటుక సంగతి మరి చెప్పనక్కరలేదు. ఒకే భరిణలో ఒకే వ్రేలు ముంచి ఇంటనున్న ఆడపిల్లలందరకును, చివరకు బిడ్డకును పెట్టుదురు. అదిగాక అంగళ్ళలో అమ్మబడు కాటుకలలో కొన్నిట సీసము కలిసియుండుట పరీక్షలలో బయటపడినది. అది బిడ్డ మెదడునకు హాని. దిష్టిచుక్క పెట్టవలెనన్నచో అరికాలికి పెట్టుడు. కంటికి పెట్టవలదు.

మందుల విషయమున రెండు మాటలు. బాక్టీరియా వలన వచ్చిన దానికి యాంటిబయాటిక్ చుక్కలు పనిచేయును. వైరసును ఆ చుక్కలు చంపలేవు. అది ఒకటి రెండు వారములలో తనంతట తగ్గును. ఏది యేదియో వైద్యుడు చెప్పవలెను. మందుల అంగడికి పోయి 'కండ్లకలక చుక్కలు ఇమ్ము' అని అడుగుట మన ఊరిలో పెద్ద అలవాటు. ఆ చుక్కలలో కొన్నిట స్టెరాయిడు కలిసియుండును. అది వేసినచో ఎరుపు వెంటనే తగ్గి ఇంటివారు సంతోషింతురు. కాని కొన్ని జాతుల వైరసు ఉన్న కంటిలో అది నల్లగ్రుడ్డును పాడుచేయును. ఎక్కువ దినములు వాడినచో కంటిలోని ఒత్తిడి పెంచి చూపును తినివేయును. పోయిన యేడు పెద్దవానికి ఇచ్చిన సీసాను ఈ యేడు బిడ్డకు వేయరాదు. మూత తీసిన సీసాను సాధారణముగ నాలుగు వారములు దాటి వాడరాదు. సీసా కొన బిడ్డ రెప్పకు తగులనీయరాదు. ఒకరి సీసా మరియొకరికి వాడరాదు. పుసులు తగ్గినవని మధ్యలో మందు మానరాదు.

నెల దాటిన బిడ్డకును ఈ గుర్తులు కానవచ్చినచో ఆలస్యము చేయరాదు: కన్ను తెరువలేనంత వాపు, జ్వరము, వెలుతురు చూడలేక ముఖము త్రిప్పుకొనుట, నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ, రెప్పల చుట్టు నీటి పొక్కులు, రెండు మూడు దినములకైనను తగ్గకుండుట. మన పేటల వారికి మింటో కంటి ఆసుపత్రి దగ్గరనే కలదు. 1913లో నేటి కట్టడములోనికి వచ్చిన ఆ ప్రభుత్వ ఆసుపత్రి మన తాతల నాటినుండి ఈ ఊరి కండ్లను కాపాడుచున్నది. దాని సమీపముననే స్త్రీలకును శిశువులకును వాణీవిలాస ఆసుపత్రి కలదు. రాజాజీనగరు వైపు వారికి నారాయణ నేత్రాలయము కలదు. కాన్పునకు పుట్టిల్లని హైదరాబాదు పోయిన ఆడపడుచులకు సరోజినీదేవి కంటి ఆసుపత్రియు, 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ సంస్థయు ఉన్నవి. డబ్బు లేదని ఆగవలసిన పని లేదు. ప్రభుత్వ ఆసుపత్రి తలుపు అందరకును తెరచియే యున్నది.

ఇంతవరకు చెప్పినది ఇంటిలోని మాట. ఇంటి గడప దాటినది కూడ కొంత యున్నది. పాతపేటలలో నేటికిని వఠారములలో నివసించు కుటుంబములు మనలో కలవు. నాలుగిండ్లకు ఒక కొళాయి, ఒక దండెము. ఒక యింట కన్ను కలిగినచో ప్రక్కయింటివారికి ముందుగ చెప్పుట ధర్మము. దాచినచో దాగదు, పది దినములకు వారి కంటనే కనబడును. ప్రక్కయింటివారు కన్నడిగులైనను, తమిళులైనను, తురకలైనను వారి బిడ్డలు మన బిడ్డల వంటివారే. క్రిమికి మాతృభాష లేదు.

శుభకార్యముల సంగతి. బారసాల నాడు వచ్చిన నూరుమందియు బిడ్డను ఎత్తుకొని ముద్దాడుట మనకు ముచ్చట. వచ్చిన బంధువులలో ఒకరికి కన్ను ఎర్రగ నున్నచో వారే తెలివి తెచ్చుకొని దూరమున నిలిచి ఆశీర్వదింపవలెను. అట్లు దూరముగ నిలిచినవారిని 'పలుకరించలేదు' అని తప్పుపట్టరాదు. బిడ్డకే కన్ను కలిగినచో బారసాల పది దినములు వాయిదా వేయుడు. పురోహితుని అడిగినచో మరియొక మంచి దినము చెప్పును. ముహూర్తములకు కరవు లేదు.

చివరగ, మనమందరమును వ్యాపారులము గనుక మనలో మనము చెప్పుకొనవలసిన మాట యొకటి. మన యిండ్లలో అంట్లు తోమునది, బిడ్డ గుడ్డలు ఉతుకునది వేరొక యింటి తల్లి. మన బిడ్డకు కన్ను కలిగినచో ఆ గుడ్డలు ఆమె చేతులలో పడును. తరువాత ఆమెకు వచ్చినప్పుడు 'నీవే తెచ్చినావు' అందుము, రావలదందుము, ఆ దినముల కూలి కోయుదుము. ఇది న్యాయము కాదు. బిడ్డ కంటి గుడ్డలు ఇంటివారే మరగించవలెను. పనిమనిషికి కన్ను కలిగినచో వారము దినములు సెలవిచ్చి జీతము పట్టియీయరాదు. మన అంగళ్ళలోని గుమాస్తాలకును, మూటలు మోయువారికిని ఇదే నియమము. కూలి పోవునన్న భయముతో కన్ను ఎర్రగ నుండగనే పనికి వచ్చినవాడు గల్లాపెట్టెను, కొలబద్దను, గుడ్డ తానులను ముట్టుకొనును. ఒక వారము జీతము మిగుల్చుకొనబోయి పదిమందిని పడకవేయుట వ్యాపారపు లెక్కకును సరిపోదు. మా అంగడిలో ఈ నియమము పెట్టినాము. సభ్యులందరును పెట్టవలెనని కోరుచున్నాము.

సంఘమునకు మా సూచన యొకటి. నేడు చెప్పిన వానిలో ముఖ్యమైనవి, అనగా 28 దినముల నియమము, గుడ్డ నియమము, చేతుల నియమము, స్టెరాయిడు చుక్కల హెచ్చరిక, ఒక పుటలో పెద్ద అక్షరములతో తెలుగునను కన్నడమునను అచ్చొత్తించి, వైద్యునికి చూపి సరిచూపించి, ప్రతి సభ్యుని యింటికిని, వారి ప్రక్క యింటికిని పంచవలెను. అచ్చు ఖర్చు మేము భరింతుము. పంచుటకు యువకులు ముందుకు రావలెను. వానకాలము ఆరంభమగుటకు ముందే ఈ పని ముగియుట మంచిది.

తల్లులారా, నాయనమ్మలారా, ఇంటికి పోయిన తరువాత ఒక్క పని మొదట చేయుడు. దండెము మీద ఎన్ని తువ్వాళ్ళున్నవో, ఇంట ఎందరున్నారో లెక్క పెట్టుడు. తువ్వాళ్ళు తక్కువైనచో రేపే సరిచేయుడు. మా అంగడికే రావలెనని మేము చెప్పము. ఎక్కడ కొన్నను సరే.